మైఖేల్ మైయర్స్‌ని సరిగ్గా ఎదుర్కొన్నది ఎవరు? (హాలోవీన్ సిరీస్, కథలన్నీ బయటపడతాయి, చూడనివాళ్లు జాగ్రత్త)

రెండో ఆట
పదిహేను రోజులుగా రాత్రి భోజనాలయ్యాక హాలోవీన్ సినిమాలు వరసపెట్టి చూశాను. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన మొదటిది నుంచి 2022లో వచ్చిన హాలోవీన్ ఎండ్స్ దాకా మొత్తం 13. మూడో రోజుకే మా ఆవిడ "మీరూ, మీ ముసుగోడూ" అని దిండు పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది.

వరసగా చూస్తే ఒకటి అర్థమైంది. ముసుగేసుకుని మనుషుల్ని చంపుతూ తిరిగే ఈ మైఖేల్ పెద్దగా మారడు. మాట్లాడడు, పరిగెత్తడు, అలుపు లేదు. మొదటి సినిమా టైటిల్స్‌లో ముసుగులో ఉన్నవాడికి పేరు కూడా ఇవ్వలేదు, 'ది షేప్' అని వేశారు. అంటే ఉత్త ఆకారం. మారేదంతా ఎదురు నిలబడేవాళ్లే. ఒకరు తుపాకీతో, ఒకరు అల్లిక సూదితో, ఒకరు బతిమాలి, ఒక ఊరు ఊరంతా కర్రలూ కత్తులూ పట్టుకుని. వీళ్లలో సరిగ్గా ఎదుర్కొన్నది ఎవరంటారు? "చచ్చాడా లేదా" అనే లెక్క వద్దు. ఆ లెక్కన చూస్తే ప్రతివాళ్లూ ఓడిపోయినట్టే, మళ్లీ సీక్వెల్ వచ్చింది కాబట్టి.

వీసీడీ బాబు
ఇందులో ఆలోచించేదేముంది అన్నా. 1998లో వచ్చిన హాలోవీన్ హెచ్20. కొడుకునీ, వాడి స్నేహితురాలినీ గేటు బయటికి పంపేసి, లోపలి నుంచి గేటు మూసి, మళ్లీ తెరవడానికి వీల్లేకుండా దాని బటన్ పగలగొట్టి, గొడ్డలి అందుకుని "మైఖేల్!" అని లోరీ (మొదటి సినిమాలో వాడి చేతిలోంచి బయటపడ్డ అమ్మాయి) అరుస్తుంది చూడు. మా వీధిలో వీసీడీలు అద్దెకిచ్చే కొట్టు ఉండేది, ఆ డిస్కు గీతలు పడి ఆ సీన్ దగ్గరే ఆగిపోయేది. గుడ్డతో తుడిచి తుడిచి చూశాం. ఇరవయ్యేళ్లు పేరు మార్చుకుని, కాలిఫోర్నియాలో స్కూలు ప్రిన్సిపాల్‌గా దాక్కుని, మందు తాగి నిద్రపోయే మనిషి ఒక్క రాత్రి వెనక్కి తిరిగింది. చివర్లో తల నరికేసింది. అక్కడితో సిరీస్ ఆపేయాల్సింది.

నిద్రలేని పీజీ
తల నరికింది మైఖేల్‌ది కాదుగా బ్రో 😀 2002 రిసరెక్షన్ మొదటి పది నిమిషాల్లోనే చెప్పేశారు, ముసుగులో ఉన్నది నోరు పెగలని అంబులెన్స్ మనిషి అని.

వీసీడీ బాబు
ఆ సినిమా నేను చూడలేదు. చూసినా చూడలేదు.

రెండో ఆట
దాని వెనక కథ ఇంకా బాధాకరం. మైఖేల్‌ని పూర్తిగా చంపడానికి నిర్మాత ముస్తఫా అక్కాద్ ఒప్పుకోలేదు. హెచ్20 తీసే రోజుల్లోనే ఆ మారుమనిషి మెలిక సిద్ధంగా ఉందట. అంటే తెర మీద లోరీ గొడ్డలి ఎత్తుతోంది, తెర వెనక అగ్రిమెంటు అడ్డం పడుతోంది. హిరణ్యకశిపుడి వరం కన్నా గట్టిది నిర్మాత వరం.

నిద్రలేని పీజీ
నేను సైకియాట్రీ పీజీ చేస్తున్నాను కాబట్టి ఎవరో ఒకరు లేవనెత్తాల్సిన అభ్యంతరం నేనే లేవనెత్తుతాను: డాక్టర్ లూమిస్.

1963లో ఆరేళ్ల మైఖేల్ అక్కని పొడిచి చంపాడు. వాడిని ఈయన చేతికి అప్పజెప్పారు. ఎనిమిదేళ్లు వాడి మనసులోకి వెళ్లాలని చూశాడట, తర్వాత ఏడేళ్లు వాడిని బయటికి రానివ్వకుండా చూశాడట. ఆ కళ్ల వెనక ఉన్నది అచ్చమైన చెడు అని తేల్చేశాడు. రోగిని 'అతను' అని కూడా అనడు కొన్నిచోట్ల, 'అది' అంటాడు. మా వార్డులో ఇలా కేస్ షీట్ రాస్తే మా మేడమ్ కాగితం చింపి మొహాన కొడతారు. డొనాల్డ్ ప్లెజెన్స్ నటన అద్భుతం, ఒప్పుకుంటాను. కానీ డాక్టర్ చేతులెత్తేసి చేసిన పనిని ఇంత గంభీరమైన గొంతుతో చెప్పేసరికి మనం దాన్ని జ్ఞానం అనుకుంటున్నాం.

గోదారి గట్టు
డాక్టర్‌గారూ, మీ అభ్యంతరం నిజ జీవితంలో నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ ఆ సినిమా లూమిస్ పక్షాన ఉంది. పదిహేనేళ్లు గదిలో కూర్చున్నవాడు ఎవరూ నేర్పకుండా కారు నడుపుకుంటూ ఊరికి వచ్చేశాడు. ఎలా అని అడిగితే, ఎవరో పాఠాలు చెప్పారేమో అని లూమిసే వెటకారం చేస్తాడు. సినిమా ఒప్పుకుంటోంది, దీనికి కారణం లేదని. కారణం వెతికినవాళ్లంతా సినిమాని పాడుచేశారు. 2007లో రాబ్ జాంబీ ఆ కథనే మళ్లీ తీసి మైఖేల్ చిన్నతనం చాలాసేపు చూపించాడు, తాగుబోతు మారుతండ్రి, బడిలో ఏడిపించేవాళ్లు, అన్నీ. జాలి వేసింది. భయం పోయింది.

నిద్రలేని పీజీ
జాంబీ తీసిన రెండో దానిలో (2009) లూమిస్ పుస్తకాలు అమ్ముకుంటూ తిరుగుతాడు, హతుల కుటుంబాలు తిడుతుంటే చిరాకుపడతాడు. నా దృష్టిలో సిరీస్ మొత్తంలో నిజాయితీగా రాసిన లూమిస్ అతనే. తిట్టుకోండి.

ప్రెయిరీ అక్క
మీ చర్చ చదువుతూ ఉద్యోగానికి ఆలస్యమైంది. నేను ఉండేది ఇల్లినాయ్‌లోనే, కథలో హాడన్‌ఫీల్డ్ ఉన్న రాష్ట్రం. ఊరు కల్పితం లెండి, సినిమా తీసింది కాలిఫోర్నియాలోని సౌత్ పసడీనా చుట్టుపక్కల, అదీ వసంతకాలంలో. ఆకులకి రంగు వేసి రాల్చి, షాట్ అవగానే మళ్లీ ఏరుకుని ఇంకో వీధిలో పోసేవాళ్లట. జాగ్రత్తగా చూస్తే వెనకాల పామ్ చెట్లు కూడా కనబడతాయి. ఇల్లినాయ్‌లో పామ్ చెట్లు! బడ్జెట్ మూడు లక్షల డాలర్లకి కాస్త అటూ ఇటూ, ఇంకేం చేస్తారు పాపం.

నేను చెప్పాలనుకున్నది వేరే. ఇక్కడ హాలోవీన్ రాత్రి వరండా దీపం వెలిగి ఉంటే "రండి పిల్లలూ, మిఠాయిలు ఉన్నాయి" అని అర్థం. ఆర్పేస్తే "మా ఇంటికి రాకండి". వచ్చిన మొదటి ఏడాది నాకు తెలియక దీపం వేసి ఉంచితే, వచ్చిన పిల్లలందరికీ ఇంట్లో ఉన్న వేరుశనగ చిక్కీలు పంచాను. ఇప్పుడు ఆ సీన్ గుర్తు తెచ్చుకోండి. లోరీ రక్తం కారుతున్న చేత్తో పక్కింటి తలుపు బాదుతుంది, కాపాడమని ఏడుస్తుంది. లోపల దీపం వెలుగుతుంది, ఎవరో కిటికీ తెర తీసి చూస్తారు. దీపం ఆరిపోతుంది. ఇండియాలో ఉన్నప్పుడు చూసి "ఎంత దుర్మార్గులు" అనుకున్నాను. ఇక్కడ ఏడేళ్లున్నాక మళ్లీ చూస్తే, వాళ్లకి అది పండగ ఆటలా అనిపించిందేమో అని తోచింది. ఏడిపించే పిల్లలు ఆ రాత్రి వీధి నిండా ఉంటారు. చెడుని ఎదుర్కొనే పద్ధతుల్లో దీపం ఆర్పేయడం కూడా ఒకటి, దాన్ని మీ జాబితాలో కలపండి.

రెండో ఆట
అక్కా, ఇది నేను అసలు ఆలోచించలేదు. కలిపాను.

కత్తి వదలకమ్మా
నా పేరే నా ఫిర్యాదు. అల్లిక సూది మెడలో గుచ్చింది, సరే. వాడు పడ్డాడు. కత్తి చేతిలోకి వచ్చింది. పారేసింది! తర్వాత బీరువాలో దాక్కుని, బట్టల హ్యాంగర్ తీగ విప్పి వాడి కంట్లో పొడిచింది, వాడి కత్తితో వాడినే పొడిచింది. మళ్లీ కత్తి వాడి పక్కనే పడేసి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. ఒకసారంటే కంగారు. రెండుసార్లా?

గోదారి గట్టు
పదిహేడేళ్ల పిల్ల. బాబుని ఆడించడానికి వచ్చింది. చేతిలో రక్తం ఓడే కత్తి ఉంటే మీరూ పారేస్తారు. ఆ పారేయడం వల్లే ఆ అమ్మాయి మైఖేల్ లాంటిది కాదని మనకి తెలుస్తుంది. సూది, హ్యాంగర్, ఇంట్లో చేతికి దొరికినవే. చంపాలని కాదు, ఈ నిమిషం గడవాలని. 2018లో (మొదటి సినిమా తప్ప మిగతావన్నీ పక్కన పెట్టి మొదలుపెట్టిన కథ) అదే లోరీని చూడండి, ఇంటి నిండా తుపాకులు, తోటలో గురి చూసి కాల్చుకోవడానికి బొమ్మలు, వంటింటి కింద రహస్య గది. ఇప్పుడామె కత్తి వదలదు. కానీ కూతురిని 12 ఏళ్లప్పుడు అధికారులు తీసుకుపోయారు, రెండు పెళ్లిళ్లు పోయాయి. కత్తి పారేసిన పిల్లే బాగుంది నాకు.

కత్తి వదలకమ్మా
అలా అయితే ఆ కూతురే కదా చివర్లో "నా వల్ల కాదు, కాల్చలేను" అని ఏడ్చినట్టు నటించి, వాడు గుమ్మంలోకి రాగానే "దొరికావ్" అని కాల్చింది. ఆ చిన్నప్పటి ట్రైనింగ్ లేకపోతే ముగ్గురూ పోయేవాళ్లు. థియేటర్లో ఈల వేశాను ఆ సీన్‌కి.

గోదారి గట్టు
ఈల నేనూ వేశాను. ఆ తర్వాత 2021 సినిమాలో ఆ కూతురికి ఏమైందో మీకు గుర్తుందిగా.

లైబ్రరీ మెట్లు
ఆలస్యంగా వచ్చాను, కొంచెం పెద్దగా రాస్తాను.

అందరూ లోరీ గురించీ, కత్తి గురించీ మాట్లాడుతున్నారు. నాకు ఈ సిరీస్‌లో అసలు ప్రశ్న ఊరికి చెప్పాలా వద్దా అన్నది. 1978లో ఒక చిన్న సీన్ ఉంది, చాలామంది పట్టించుకోరు. రేడియోకి, టీవీకి చెబుదామా అని షెరిఫ్ బ్రాకెట్ అడుగుతాడు. లూమిస్ వద్దంటాడు. చెబితే ప్రతి వీధి మలుపులో, ప్రతి ఇంట్లో జనానికి వాడే కనబడతాడు, మీ మనుషుల్ని నోళ్లు మూసుకుని కళ్లు తెరుచుకుని ఉండమనండి అంటాడు. తెలివైన మాట. కానీ దాని ధర ఎవరు కట్టారు? ఆ రాత్రి చచ్చిపోయినవాళ్లలో ఆ షెరిఫ్ కూతురు ఆనీ ఉంది. తండ్రికి తెలుసు, కూతురికి తెలియదు. లూమిస్ ఏమో మైయర్స్ పాత ఇంటి దగ్గర పొదల వెనక కాపలా కాస్తూ, మైఖేల్ దొంగిలించిన కారు అక్కడే వీధిలో నిలబడి ఉన్న సంగతి చాలాసేపటికి గాని చూడలేదు. (ఆ ఇంట్లోకి దూరబోయిన పిల్లల్ని పొదలోంచి గుసగుసగా బెదిరించి తనలో తాను నవ్వుకుంటాడు చూడండి. సిరీస్ మొత్తంలో ఆయన మొహంలో సరదా చూసింది నేనక్కడే.)

ఇప్పుడు పదేళ్ల తర్వాత, 1988 నాలుగో భాగానికి రండి. బార్‌లో కూర్చునే మనుషులు ట్రక్కులేసుకుని పోలీస్ స్టేషన్‌కి వస్తారు, ఏం జరుగుతోందని అడుగుతారు. అదే లూమిస్, ఒకప్పుడు నోళ్లు మూసుకోమన్న లూమిస్, మైఖేల్ మైయర్స్ తిరిగొచ్చాడని వాళ్ల మొహాన చెప్పేస్తాడు. నువ్వొక మూకని తయారుచేశావని షెరిఫ్ మీకర్ మండిపడతాడు. ఇక నీకు పోలీసులంటూ మిగలలేదు, వీళ్లే దిక్కు అంటాడు లూమిస్. ఆయన తప్పు కూడా చెప్పలేదు, పోలీసులందరినీ మైఖేల్ చంపేశాడు. కాసేపటికి ఆ ట్రక్కుల మూక పొదల్లో ఏదో కదిలిందని తుపాకులు పేల్చింది. చచ్చింది టెడ్ హాలిస్టర్ అనే మామూలు మనిషి. 1978లో లూమిస్ ఏది జరుగుతుందని భయపడ్డాడో అదే జరిగింది, ఆయన నోటి వల్లే.

నిజానికి అది రెండోసారి. 1981 రెండో భాగంలోనే అలాంటి ముసుగు వేసుకున్న బెన్ ట్రామర్ అనే కుర్రాడిని చూసి లూమిస్ తుపాకీ ఎత్తాడు, ఆ కుర్రాడు పోలీసు కారు కింద నలిగి కాలిపోయాడు. అదే సినిమాలో జనం మైయర్స్ ఇంటి మీద రాళ్లు కూడా వేస్తారు. ఖాళీ ఇంటి మీద.

ఇక 2021 హాలోవీన్ కిల్స్. దీన్ని అందరూ తిట్టారు కదా, నేను వెనకేసుకొస్తాను. ఆస్పత్రిలో జనం "చెడు ఈ రాత్రి చస్తుంది" అని నినాదాలు చేస్తూ టోవోలీ అనే రోగి వెంటపడతారు. మైఖేల్‌తో పాటు రోగుల్ని తరలించే బస్సులోంచి తప్పించుకున్న పొట్టి, బలహీనమైన మనిషి. ముసుగు లేని మైఖేల్‌ని వాళ్లలో ఎవరూ చూసి ఎరగరు. వాడు తట్టుకోలేక కిటికీలోంచి దూకి చచ్చిపోతాడు. ఆ మూకలో ఎవరున్నారో చూడండి. 1978లో లోరీ కాపాడిన పిల్లవాడు టామీ డాయిల్ ముందు నిలబడి నడిపిస్తున్నాడు. రేడియోకి చెప్పనా అని అడిగిన అదే బ్రాకెట్, అదే నటుడు, ముసలివాడై వాళ్లలో ఉన్నాడు. నలభయ్యేళ్ల కిందటి ప్రశ్నకి ఊరు చెప్పిన జవాబు అది.

సెకండ్ షో
మెట్లు గారూ, అంతా బాగుంది కానీ ఆ నినాదాన్ని సినిమాలో ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టారా? మా రూమ్‌లో ప్రతిసారికీ ఒక గుక్క కూల్‌డ్రింక్ అనుకున్నాం, ఆస్పత్రి సీన్ అయ్యేసరికి లీటర్ బాటిల్ ఖాళీ. విషయం ఉండొచ్చు, చెప్పిన తీరు మాత్రం మైకులో ప్రచారం.

లైబ్రరీ మెట్లు
అది ఒప్పుకుంటాను. తీరు మోటుగానే ఉంది.

మోడరేటర్
కూల్‌డ్రింక్ పందేలకి వేరే విభాగం ఉంది. ఎవరూ జేమీ గురించి రాయలేదేం?

పెద్దక్క కూతురు
రాస్తున్నాను, టైప్ చేయడం ఆలస్యం.

నాలుగు, అయిదు భాగాల్లో లోరీ కూతురు జేమీ ఉంటుంది, చిన్న పిల్ల, డానియెల్ హారిస్ వేసింది. మైఖేల్ లోరీ అన్న అని 1981లో కలిపారు కాబట్టి ఈ పాపకి అతను మేనమామ. ఇంగ్లిష్‌లో 'అంకుల్' అంటే బాబాయో మామయ్యో ఎదురింటాయనో తెలియదు. మనకి తెలుసు. మేనమామ అంటే చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేవాడు. చెల్లెలి బిడ్డ వెంట కత్తి పట్టుకుని తిరిగే మేనమామ అంటే మనకి వెంటనే ఎవరు గుర్తొస్తారు? కంసుడు. ఆరో భాగంలో (1995) పొత్తిళ్లలో బిడ్డ కోసం కూడా వస్తాడు, అచ్చం చెరసాల కథే.

కానీ కంసుడికి ఆకాశవాణి చెప్పింది, కారణం ఉంది. మైఖేల్‌కి 1978లో లేదు. చెల్లెలు అనే కారణం 1981లో అంటించారు, తర్వాత కార్పెంటరే దాని మీద పెదవి విరిచాడు. 1995కి 'థార్న్' శాపం అని ఒక గుర్తూ, ఒక గుంపూ తెచ్చారు. కారణం పెరిగేకొద్దీ మనిషి చిన్నవాడైపోయాడు, గోదారి గట్టు గారు జాంబీ గురించి అన్నది ఇక్కడా వర్తిస్తుంది.

ఇంతకీ అయిదో భాగంలో (1989) ఆ పాప శవపేటికలో దొరికిపోయి, "మామయ్యా" అని పిలిచి, నీ మొహం చూడనీ అంటుంది. వాడు ముసుగు తీస్తాడు. కంట్లో నీళ్లు. "నువ్వూ నాలాగే ఉన్నావు" అంటుంది ఆ పిల్ల. 13 సినిమాల్లో వాడు చెప్పిన మాట విన్నది అదొక్కసారే. తుపాకీ గుండ్లు ఆరు తగిలితే ఆగనివాడు ఆ పిలుపుకి ఆగాడు. పాప కన్నీళ్లు తుడవబోయింది, వాడికి మళ్లీ కోపం వచ్చేసింది, అది వేరే సంగతి. అదే సినిమాలో లూమిస్ ఏం చేశాడు? ఈ పాపనే ఎరగా పెట్టాడు. మేకపిల్లని కట్టి పులిని పిలిచినట్టు. గొలుసుల వల వేసి, మత్తు సూదులు కాల్చి, చెక్కతో బాది బాది తనే పడిపోయాడు. ఆ చెక్కతో కొట్టే మొహాన్ని చూస్తే రెండు మొహాల్లో ఏది డాక్టరుదో ఒక్క క్షణం తెలియదు.

నిద్రలేని పీజీ
నేను మొదట చెప్పింది ఇదే కదండీ!

పెద్దక్క కూతురు
మీరు చెప్పింది ఆయన చెడ్డ డాక్టర్ అని. నేనంటున్నది ఆయన మొదట మంచివాడే అని.

కత్తి వదలకమ్మా
నాలుగో భాగం చివర మర్చిపోతున్నారు. జేమీ జోకర్ బట్టల్లో, కత్తెరతో, పెంచిన అమ్మని పొడిచి మెట్ల మీద నిలబడుతుంది. 1963లో ఆరేళ్ల మైఖేల్ నిలబడినట్టే. లూమిస్ "వద్దు, వద్దు" అని అరుస్తూ తుపాకీ ఎత్తుతాడు, చిన్న పిల్ల మీదికి! షెరిఫ్ పట్టుకుని ఆపాడు. అయిదో భాగంలో దాన్ని నీరుగార్చారు గాని, ఆ ముగింపు అలాగే ఉంచి ఉంటే సిరీస్ ఇంకోలా ఉండేది.

వీసీడీ బాబు
మూడో భాగం ఎవరూ తలవరా? 1982, మైఖేలే లేడు, మాస్కులు తయారుచేసే ఫ్యాక్టరీ కథ. హీరో చివర్లో చేసే యుద్ధమంతా ఫోన్‌లో. టీవీ వాళ్లకి ఫోన్ చేసి ప్రకటన ఆపండి, ఆపండి అని అరుస్తాడు. ఒక ఛానెల్ ఆగింది, ఇంకోటి ఆగింది, మూడోది ఆగలేదు. అరుపు మీదే సినిమా అయిపోయింది. నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో ఏదో ఒక దొంగ వార్తని ఆపడానికి ప్రయత్నిస్తుంటే అర్థమవుతోంది.

సెకండ్ షో
😂😂 ఇది చాలు ఈ రోజుకి.

ప్రెయిరీ అక్క
హాలోవీన్ ఎండ్స్ సంగతేంటి? నాకు నచ్చింది, ఒంటరిదాన్నా?

గోదారి గట్టు
సగం నచ్చింది. కోరీ అనే కుర్రాడి కథ బాగుంది. పొరపాటున ఒక పిల్లవాడి చావుకి కారణమయ్యాడు, కోర్టు వదిలేసింది, ఊరు వదల్లేదు. మైఖేల్ కనబడకుండా పోయేసరికి ఊరికి ఇంకో బూచాడు కావాల్సి వచ్చింది, వీడి నెత్తిన వేశారు, వేసి వేసి నిజంగానే చేశారు. కిల్స్‌లో మూక చేసిన పనికి ఇది కొనసాగింపు. మిగతా సగం, ముగింపు. వంటింటి బల్లకి వాడిని కత్తులతో దిగేసి, గొంతూ మణికట్టూ కోసి, శవాన్ని కారు మీద కట్టి, ఊరంతా ఊరేగింపుగా పాత ఇనుము తుక్కు చేసే మిషన్ దాకా తీసుకెళ్లి అందులో వేశారు. నాకు కడుపులో తిప్పింది.

ప్రెయిరీ అక్క
నాకు ఆ ఊరేగింపే నచ్చిందండీ. ఎవరూ అరవలేదు గమనించారా? కిల్స్‌లో అంత నినాదం, ఇక్కడ నినాదమే లేదు. నలభై నాలుగేళ్ల కిందట దీపం ఆర్పేసిన ఊరు, ఈసారి వరండాల్లోంచి బయటికి వచ్చింది. దహనానికి వెళ్లినట్టు నడిచారు.

గోదారి గట్టు
దహనం వేరు, తుక్కు మిషన్ వేరు అక్కా.

ప్రెయిరీ అక్క
వాడు ఎన్నిసార్లు లేచాడో చూశాక కూడానా? 2018లో తగలబెట్టారు కదా, మంటలార్పడానికి వచ్చిన ఫైర్ ఇంజిన్ వాళ్లే వాడిని బయటికి వదిలారు. కాల్చడం కూడా అయిపోయింది పాపం, ఇంకేం మిగిలింది వాళ్లకి?

రెండో ఆట
నేను నిన్న రాత్రి మొదటిది మళ్లీ వేశాను, ఈ చర్చ కోసమే. ఈసారి ఒకటి కొత్తగా కనబడింది. రెండోసారి కత్తి పారేసి గుమ్మం దగ్గర కూలబడ్డాక లోరీ చేసే మొదటి పని, పిల్లలిద్దరినీ పిలిచి, వీధి చివర మెకెంజీ వాళ్లింటికి వెళ్లండి, పోలీసులకి ఫోన్ చేయమనండి అని చెప్పడం. పిల్లలు అరుస్తూ వీధిలోకి పరిగెడతారు. ఆ అరుపులు విని కదా లూమిస్ ఆ ఇంట్లోకి వచ్చింది! ఇన్నేళ్లూ లూమిస్ వచ్చి కాపాడాడు అనుకున్నాను. వీసీడీ బాబు చెప్పిన హెచ్20 గేటు సీన్‌లో కూడా ముందు పిల్లల్ని బయటికి పంపి, అప్పుడు గొడ్డలి తీసుకుంది. ఇరవయ్యేళ్ల తేడాతో అదే పని, అదే వరస.

కత్తి వదలకమ్మా
సరే. పేరు మార్చుకోను గానీ, ఒకసారికి క్షమించాను. రెండోసారిది ఇంకా పెండింగ్.

రెండో ఆట
టామీ అడుగుతాడు కదా, బూచాడిని చంపేశావా అని. అవునంటుంది. బూచాడిని చంపలేరు అంటాడు వాడు. వీడు పెద్దయ్యాక 1995లో లెడ్ పైపు, 2021లో బేస్‌బాల్ బ్యాట్ పట్టుకున్నది అందుకేనేమో. ఆ పిల్లవాడి మీద విడిగా ఒక దారం మొదలుపెడతాను, ఆదివారం దాకా ఆగండి, ఇంట్లో చుట్టాలున్నారు.